ఏడో నంబరు ఆధారం

బొల్లాపల్లి ఆసుపత్రికి డాక్టరుగా వచ్చిన మూడేళ్ళలో దేవానందం ఆరువందల నారికురుపులు చూశాడు. కాలి మీద పొక్కు లేస్తుంది, అది పగిలి దారంలాంటి పురుగు తల బయటపెడుతుంది, మనిషి మంచాన పడతాడు. దుక్కులు మొదలయ్యే వేళకు సగం ఊరు మంచాల మీదే ఉండేది. పురుగు దిగుడుబావి నీళ్ళలోంచి వస్తుందని ఆయన చదువుకున్నాడు. ఈ ఊళ్ళో ఉన్న జబ్బు పక్క ఊళ్ళో ఎందుకు లేదో మాత్రం ఆయన చదువులో లేదు.

అది చెప్పింది పిచ్చమ్మ. గుట్టకిందిపల్లెలో డెబ్బయ్యేళ్ళ ముసలమ్మ. పురుగు తలను చీపురుపుల్లకు చుట్టి, రోజుకు రెండంగుళాల చొప్పున తెగకుండా లాగేది. ఆ మొరటు వైద్యం మాన్పిద్దామని వెళ్ళిన దేవానందం, ఆమె చేతి నేర్పు చూసి అక్కడే కూర్చుండిపోయాడు.

"చేపపిల్లలు తిరిగే బావి నీళ్ళు తాగినోడికి ఈ పీడ రాదు నాయనా," అంది పిచ్చమ్మ. "చేపల్లేంది గుడ్డి బావి. దాని జోలికి పోగూడదు."

దేవానందం పద్నాలుగు ఊళ్ళ బావులు దిగి చూశాడు. ఆమె చెప్పింది నిజమే; నారికురుపు పురుగును మోసే నీటినలుసుల్ని చేపలు తినేస్తున్నాయి. ఊరికొక లెక్కన పట్టికలు వేసి, ఇంగ్లీషులో ఆరు పేజీల వ్యాసం రాశాడు. బొగ్గుతో నడిచే బస్సులో నరసరావుపేట వెళ్ళి, కోర్టు వరండాలో అర్జీలు టైపు చేసే అబ్దుల్ జబ్బార్ చేత టైపు చేయించి, మద్రాసులోని ఒక వైద్య పత్రికకు పంపాడు. అది పందొమ్మిదివందల నలభై నాలుగు, జనవరి.

మార్చిలో వ్యాసం తిరిగొచ్చింది. బావుల గురించి సంపాదకుడు ఒక్క ముక్క రాయలేదు. చివర ఉన్న ఆధారాల పట్టికను, అంటే ఏ సంగతి ఎక్కడి నుంచి తీసుకున్నాడో చెప్పే జాబితాను, అక్షరక్రమంలో పెట్టమన్నాడు. పెట్టి పంపితే, అక్షరక్రమం కాదు, వ్యాసంలో వచ్చిన వరసన నంబర్లు వేయమన్నాడు. వేసి పంపితే, యుద్ధం వల్ల కాగితం కరువు కనక పత్రికల పేర్లు కుదించమన్నాడు. కుదిస్తే, మరీ కుదించారన్నాడు, చుక్కలూ కామాలూ తారుమారయ్యాయన్నాడు. ప్రతిసారీ జబ్బార్ మొదటి నుంచి టైపు కొట్టాడు.

"చుక్క పెట్టాల్సిన చోట కామా ఉందని ఆరు పేజీలు వెనక్కి పంపాడా!" అన్నాడు జబ్బార్. "ఖూనీ కేసులో కూడా ఇంత చూడరు డాక్టరు గారూ."

అయిదో ఉత్తరంలో అసలు చిక్కు వచ్చింది. ఏడో నంబరు ఆధారంగా దేవానందం 'పిచ్చమ్మ, గుట్టకిందిపల్లె, నోటిమాట' అని రాశాడు. సంపాదకుడు దాని కింద ఎర్రగీత గీసి అడిగాడు: ఇంటిపేరు? సంవత్సరం? సంపుటం? పుట?

దేవానందం గుట్టకిందిపల్లె వెళ్ళాడు.

"పెద్దమ్మా, నీ ఇంటిపేరేంటి?"

"పుట్టింటిదా, అత్తింటిదా? అత్తింటోళ్ళది బత్తుల. ఎందుకూ?"

"చేపల సంగతి నువ్వు చెప్పినట్టు రాశాను. ఎక్కడ అచ్చయిందని అడుగుతున్నారు."

"అచ్చేందిరా! మా అత్త చెప్పింది. ఆమెకు వాళ్ళత్త చెప్పింది."

ఆ మాటే దేవానందం మర్యాదగా ఇంగ్లీషులో రాసి పంపాడు. జవాబు వెంటనే వచ్చింది. 'నోటిమాట శాస్త్రం కాదు. పైగా ఈ విషయం మా పత్రికలోనే లోగడ వచ్చింది. వరదన్ ఎస్. కె., 1937, సంపుటం 9, పుట 212. దాన్ని ఉదహరించండి.'

మద్రాసులో ఉన్న స్నేహితుడు ఆ పుటను చేత్తో రాసి పంపాడు. పల్నాడులో రెండు రోజులు మకాం చేసి డాక్టర్ వరదన్ రాసిన చిన్న వ్యాసం. చేపలున్న బావుల కింద జబ్బు లేకపోవడం 'నేను గమనించాను' అని ఉంది. చేపలు లేని బావులను 'గుడ్డి బావులు అనవచ్చు' అని కూడా ఉంది. ఆ మాట దగ్గర దేవానందం చూపు ఆగిపోయింది.

ఏడేళ్ళ కిందట మద్రాసు డాక్టరెవరైనా వచ్చాడా అని మళ్ళీ పిచ్చమ్మను అడిగాడు. ఆమెకు బాగానే గుర్తుంది.

"వచ్చాడు, టోపీ పెట్టుకోని. పూటంతా కూర్చోని అడిగిందే అడిగి రాసుకున్నాడు. ఒక కాయితం మా గేదె నమిలింది. రెండు చెంబుల మజ్జిగ తాగి పోయాడు."

"నీ పేరు అడగలేదా?"

"పేరెందుకూ? ఆయనడిగింది నీళ్ళ సంగతి గదా."

ఈ కథంతా విని జబ్బార్ టైపు మిషను మీద నుంచి చేతులు తీసేశాడు. "కోర్టులో కళ్ళారా చూసినోడే సాక్షి. ఎవరో చెప్పగా విన్నానంటే జడ్జీ గారు రాసుకోనే రాసుకోరు. మీ శాస్త్రంలో విన్నాయన సాక్షి, చెప్పినావిడ ఎవరూ కాదా?"

దేవానందం ఆధారాల పేజీ తీసి మిషను పక్కన పెట్టాడు. మూడేళ్ళ శ్రమ అచ్చు కావాలన్న ఆశ వదల్లేదు. "ఏడో నంబరు దగ్గర వరదన్ అని కొట్టండి," అన్నాడు తల వంచుకుని. "చివర పిచ్చమ్మకు కృతజ్ఞతలని ఒక వాక్యం చేర్చండి."

మరుసటి ఏడు వ్యాసం అచ్చయింది. దేవానందం తన పేరు మూడుసార్లు చదువుకున్నాక గానీ పిచ్చమ్మ పేరు వెతకలేదు. అది లేదు. కాగితం కరువు వల్ల కృతజ్ఞతలు తీసేశారు.

ఆ వ్యాసం, దాని ఏడో నంబరు ఆధారం చదివి ఒక ఆరోగ్యాధికారి పటాలు పట్టుకుని గుట్టకిందిపల్లె వచ్చాడు. చావిడి ముందు జనాన్ని కూర్చోబెట్టి, మద్రాసు డాక్టర్ వరదన్ గారు కనిపెట్టిన రహస్యం గంటసేపు వివరించాడు. ముందు వరసలో ఉన్న పిచ్చమ్మను చూసి, "అవ్వా, చేపలు లేని బావిని ఏమంటారో తెలుసా? గుడ్డి బావి!" అన్నాడు.

"అట్నా బాబూ," అంది పిచ్చమ్మ. "ఆ మద్రాసాయన చానా బాగా చెప్పాడు."

పక్కనే కూర్చున్న దేవానందం ఉండబట్టలేక లేచాడు. "అయ్యా, ఆ మాట ఈవిడదే. వరదన్ గారికి చెప్పింది ఈవిడే. నాకు చెప్పిందీ ఈవిడే."

అధికారి చిరునవ్వు నవ్వాడు. "అలాగా? ఎక్కడైనా అచ్చయిందా?"

ఊరికి మేలు మాత్రం జరిగింది. పిచ్చమ్మ నలభై ఏళ్ళు మొత్తుకున్నా కదలని ఊరు, సర్కారు కాగితం చూసి కదిలింది. గుండ్లకమ్మ నుంచి కుండల్లో చేపపిల్లల్ని తెచ్చి బావుల్లో వదిలారు. రెండేళ్ళలో మంచాన పడేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతకు వచ్చారు.

ఆ లెక్కలతో దేవానందం రెండో వ్యాసం రాశాడు. ఈసారి రచయితలు ఇద్దరు. పి. దేవానందం, బి. పిచ్చమ్మ. ఇంటిపేరు అక్షరం, చుక్క, కామా అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. సంపాదకుడు నోరెత్తకుండా అచ్చు వేశాడు. ఆ తర్వాత ఒక కార్డు కూడా వచ్చింది: 'డాక్టర్ బి. పిచ్చమ్మ గారికి. ఇదే విషయం మీద మాకు వచ్చిన మరో వ్యాసం బాగోగులు పరిశీలించి చెప్పగలరా? మీ డిగ్రీలు తెలియజేయండి.'

దేవానందం ఆ కార్డు పట్టుకుని వెళ్ళేసరికి, పిచ్చమ్మ అరుగు మీద పొరుగూరి రైతు కాలిలోని పురుగును పుల్లకు చుడుతోంది. కార్డు చదివి, తెలుగులో చెప్పి, "ఏం రాయమంటావ్ పెద్దమ్మా?" అని అడిగాడు.

"తెగిపోద్ది, మాట్లాడమాక," అంది పిచ్చమ్మ కన్నెత్తకుండా. "ముందు ఈ కాలు కదలకుండా పట్టుకో."

దేవానందం కార్డు జేబులో పెట్టుకుని, గొంతుక్కూర్చుని కాలు పట్టుకున్నాడు.