రాళ్లు కరిగిన సాక్ష్యం

బంగారుపాళ్యం బస్టాండు దగ్గర నా మొహం లారీ అంత ఎత్తున వేలాడుతోంది. "ఆపరేషన్ లేకుండానే పిత్తాశయంలో రాళ్లు కరిగిపోయిన సహోదరి ప్రసన్నకుమారి సాక్ష్యం వినండి, ఆదివారం రండి" అని ఫ్లెక్సీ. ఇక్కడ నా పొట్ట మీద కుట్లు ఇంకా దురద పెడుతున్నాయి. రాయవేలూరులో మా అక్క ఇంట్లో ఉండి ఆపరేషన్ చేయించుకుని వచ్చి నెల కూడా కాలేదు, ఖర్మ!

ఇదంతా మా ఆయన మునికుమార్ నిర్వాకం. సంఘమంతా నాకోసం ఉపవాస ప్రార్థన పెట్టింది. ఈయన వాట్సాప్ గ్రూపులో "దేవుడు బాగు చేసినాడు, రాళ్లు లేవు" అని మెసేజి పెట్టి ఊరుకున్నాడు. అంతే, ఆమెన్ల వర్షం, ఆ వెనకే సంఘం వాళ్ల ఫ్లెక్సీ.

"ఆపరేషన్ మాట రాయకుండా ఎందుకు దాచినావు?" అని అరిచాను.

"అంతమంది పస్తులుంటే, కోయించుకున్నామని ఎట్ల రాసేది? చిన్నబుచ్చుకోరా?"

పాస్టర్ బాలచంద్రయ్య దగ్గరికి పోయి అంతా చెప్పాను. ఆయన తల పట్టుకున్నాడు. "ఐరాల నుంచి గూడా జనం వస్తా ఉండారమ్మా. రాళ్లు పోయింది నిజమే గదా. మిగతాది నువ్వు సెప్పబాకు, సాలు."

సాలంట! దేవుడి మందిరంలో నిలబడి దేవుడి పేరు మీదే అబద్ధమాడాలట, జనం మెచ్చుకోవడానికి. కోపంతో పాటు భయం కూడా వేసింది. నాకు అమ్మా నాయనా లేరు, అక్క ఉండేది దూరాన. జ్వరమొస్తే జావ కాచి తెచ్చేది ఈ సంఘం ఆడవాళ్లే. వీళ్లు మొహం తిప్పుకుంటే నాకెవరున్నారు?

ఆదివారం మైకు చేతికిచ్చారు.

"మీరు ప్రార్థన చేసినారు, దేవుడు విన్నాడు. నాకు ఆపరేషన్ అయింది. ఫ్లెక్సీలో ఉండేది అబద్ధం. దేవుని పేరు మీద అబద్ధం నేను సెప్పలేను" అన్నాను.

ఒక్క స్తోత్రం లేదు. పాస్టరయ్య గబగబా పాట ఎత్తుకున్నాడు.

భోజనాల దగ్గర నా పక్కన ఎవరూ కూర్చోలేదు. సాంబారు పోస్తున్న లోహిత, "అయితే మా పస్తులన్నీ దండగేనా?" అని నా ఆకు దాటి పోయింది. నాకోసం పస్తులున్న మనిషి ఆమె. కళ్లలో నీళ్లు తిరిగాయి. మా ఆయన బయట చెప్పుల దగ్గర నిలబడి తింటున్నాడు, నేనెవరో తెలియనట్టు.

అప్పుడు వచ్చింది జయంతి, మా వెనక వీధి మనిషి. పక్కన కూలబడి చెవిలో గొణిగింది. "అక్కా, మా ఇంటాయనకి కడుపులో గడ్డ ఉండాది. కోసి తీయల్లని డాక్టరు సెప్పినాడు. నీ ఫ్లెక్సీ సూసినప్పట్నుంచి ఆపరేషన్ వద్దు, ప్రార్థనే సాలంటా ఉండాడు. నువ్వు పోయింది ఏ ఆస్పత్రికి?"

నాకు ఒళ్లు మండిపోయింది.

"గుసగుసలేంది జయంతీ? గట్టిగా అడుగు!"

జయంతి లేచి నిలబడి గట్టిగా అడిగింది. లోహిత చేతిలో గరిటె ఆగిపోయింది. ఆస్పత్రి పేరు అందరికీ వినబడేటట్టు చెప్పాను.