ఎడమవైపు చోటు

బంతి షెడ్డు మీదికి పోయిన రోజు పొద్దున కూడా వదిన ఎప్పటిలాగే దుప్పట్లు మడుస్తోంది. ఆసుపత్రి లాండ్రీలో ఆమె పని అదే. ఇస్త్రీ యంత్రం నుంచి వేడివేడిగా బయటికొచ్చే దుప్పటిని కొసలు పట్టుకుని దులపాలి. సగానికి మడవాలి, మళ్ళీ సగానికి. అంచులు కలిశాయో లేదో చూసి దొంతరలో పెట్టాలి. నిజానికి ఇది ఇద్దరు చేసే పని. ఒకరు అటు, ఒకరు ఇటు నిలబడి బిగుతుగా లాగి, ఒకరికొకరు ఎదురు నడిచి, కొసలు చేతికిచ్చి, వంగి కింది అంచు అందుకుని వెనక్కి వెళ్ళాలి. చాలా ఏళ్ళుగా ఆ అవతలి కొస ఆడపడుచుది. జబ్బు చేసి ఆమె ఇదే ఆసుపత్రిలో పై అంతస్తు వార్డులో చేరినప్పటి నుంచి, వదిన ఆ కొసను గోడకున్న కొక్కేనికి తగిలిస్తోంది. కొక్కెం బాగానే పట్టుకుంటుంది. ఎదురు నడిచి మాత్రం రాదు. పైగా తగిలించిన మూల దగ్గర చిన్న ముడత పడుతుంది, ఎంత సాపు చేసినా పోదు.

"కుట్టుమిషన్ల దగ్గర నుంచి ఎవరినైనా రమ్మననా?" అని సూపర్‌వైజరమ్మ అడిగింది.

"ఎందుకండీ, తను వచ్చేస్తుందిగా," అంది వదిన.

లాండ్రీలో దాదాపు అందరూ ఆమెను వదిన అనే పిలుస్తారు. ఆడపడుచు పిలుపు విని విని అందరి నోటికీ అదే అలవాటైంది. సూపర్‌వైజరమ్మ వయసులో పెద్దది, అయినా ఆవిడకూ వదినే.

పొట్టి మనిషి. భుజాలు కొంచెం లోపలికి ముడుచుకుని ఉంటాయి. ముంజేతుల మీద ఆవిరి తగిలిన మచ్చలు, పాతవి తెల్లగా, కొత్తవి ఎర్రగా. ఎదురుగా ఎవరైనా వస్తున్నారంటే, వాళ్ళింకా వరండా అవతలి చివర ఉండగానే గోడవైపు జరిగిపోతుంది. బస్సులో సీటు ఖాళీ అయితే ముందు చుట్టూ చూస్తుంది, ఇంకెవరికైనా కావాలేమోనని. కొత్త కోడలిగా ఆ ఇరుకింట్లో అత్తగారికీ మామగారికీ భర్తకీ దారి ఇచ్చి ఇచ్చి అలా అయిపోయిందేమో. ఆ ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు పోయారు. అలవాటు ఉండిపోయింది. ఇంట్లో ఆమె, పెళ్ళి మాటెత్తితే నవ్వి లేచిపోయే ఆడపడుచు మిగిలారు.

ఆమెను లాండ్రీ పనిలో పెట్టించింది ఆడపడుచే. ఆటలోకి లాగిందీ ఆడపడుచే.

ఆట పేరు రౌండ్‌నెట్. నేల మీద మోకాలికంటే తక్కువ ఎత్తులో ఒక గుండ్రటి చట్రం, దానికి బిగించిన వల. చుట్టూ ఇద్దరిద్దరు చొప్పున రెండు జట్లు. ఒక జట్టు బంతిని వల మీదికి కొడుతుంది. అది ఎగిరి లేవగానే అవతలి జట్టు మూడుసార్లకు మించి తాకకుండా మళ్ళీ వల మీదికి కొట్టాలి. గీతలు లేవు. వల చుట్టూ ఎటైనా పరుగెత్తవచ్చు. కాకపోతే ఒక మర్యాద ఉంది, కొట్టబోయేవాళ్ళకు అడ్డు రాకూడదు. తప్పుకోవాలి. తప్పుకుని, వాళ్ళు కొట్టేలోపు మళ్ళీ ఒక చోటు చూసుకుని నిలబడాలి.

తప్పుకోవడం వదినకు ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. నిలబడటమే ఇన్నేళ్ళయినా రాలేదు. అవతలివాళ్ళు చెయ్యి ఎత్తగానే ఆమె కాలు ఎటో ఒకవైపు కదిలిపోతుంది. వాళ్ళు అది చూసి రెండోవైపు కొడతారు. ఆడపడుచు ఉన్నన్నాళ్ళూ ఆ లోపం బయటపడలేదు. ఆమెది ఎడమచేతివాటం. వలకు ఎడమవైపు, దగ్గరగా, మోకాళ్ళు వంచి కూర్చున్నట్టుగా నిలబడేది. బంతి ఆమె అరచేతిలో పడి, దెబ్బంతా అక్కడే మరిచిపోయినట్టు మెత్తగా పైకి లేచేది. కుడివైపు దూరంగా వచ్చేవి మాత్రమే వదినవి. ఊళ్ళో ఏటా జరిగే పోటీల్లో ఆసుపత్రి జట్టంటే ఈ ఇద్దరే.

ఈ ఏడు ఆడపడుచు బదులు బాయిలరు నడిపే ఆయన ఆడుతున్నాడు. భారీ మనిషి. ఒప్పుకున్నప్పుడే చెప్పాడు, "ఆ పిల్ల కిందికి దిగేదాకానే చెల్లెమ్మా. తర్వాత నా బాయిలరు నాది, మీ బంతి మీది." పోటీ ఆ సాయంత్రమే.

మధ్యాహ్నం లాండ్రీ వెనక పెరట్లో వల బిగించారు. పైన వార్డు కిటికీ ఆ పెరట్లోకే తెరుచుకుంటుంది. నర్సును వేధించి ఆడపడుచు తన మంచం ఆ కిటికీ పక్కకు వేయించుకుంది. దిండుకు ఆనుకుని కూర్చున్న ఆమె ముఖం చువ్వల వెనక కనిపించింది.

"గట్టిగానే కొట్టు అన్నయ్యా. జాలిపడకు," అంది వదిన.

"జాలా? నిన్న కొట్టినదానికి నా భుజం ఇంకా సలుపుతోంది. జాలిపడాల్సింది నువ్వు."

ఆయన చెయ్యి ఎత్తాడు. కిటికీలో ఒక అరచేయి కిందికి వాలి ఆగింది. ఆగు, కదలకు అని. అప్పటికే వదిన కాలు కుడివైపుకు కదిలింది. ఆయన తీరిగ్గా ఎడమవైపు కొట్టాడు. బంతి ఖాళీ నేల మీద పడి దొర్లింది. పైన కిటికీలో ఆడపడుచు నుదురు కొట్టుకుంది.

మళ్ళీ కొట్టాడు, మళ్ళీ అదే. వదిన కాలు కదలకుండా ఉన్నప్పుడు కూడా బంతి ఎడమవైపే పడిపోయింది. అక్కడ ఎవరూ లేరు. బాయిలరాయన కుడిచేతివాటం మనిషి, జట్టులో ఆయన నిలబడే చోటు వేరు. ఎడమవైపు, వలకు దగ్గరగా, ఒక మనిషి పట్టేంత నేలను వదిన ప్రతిసారీ వదిలేసి నిలబడుతోంది.

చివరిసారి ఆయన కొట్టిన దెబ్బకు బంతి చట్రం అంచుకు తగిలి పైకి లేచి, బాయిలరు షెడ్డు రేకుల మీద పడింది. గడగడమని దొర్లి, రేకు మడతలో ఇరుక్కుని ఆగింది. అది ఆడపడుచు బంతి. ఆమె చేతిలో నలిగి నునుపెక్కిన పసుపు బంతి.

"నిచ్చెన స్టోరులో ఉంది. తాళం స్టోరాయన జేబులో ఉంది. స్టోరాయన అత్తారింట్లో ఉన్నాడు," అన్నాడు బాయిలరాయన చెమట తుడుచుకుంటూ. "పోటీకి బంతి వాళ్ళే ఇస్తారు. దీన్ని రేపు తీద్దాంలే."

ఉతికిన దుప్పట్ల బండిని వార్డుకు తోసుకెళ్ళే వంకతో వదిన పైకి వెళ్ళింది.

"ఏం వదినా, నా బంతిని షెడ్డుకి సమర్పించారా?"

"నేను కాదు, అన్నయ్య."

"ఆయన ఆవిరి పట్టే మనిషి. బంతి పట్టమంటే ఇంతే." నవ్వబోయి దగ్గింది. దగ్గు ఆగేదాకా వదిన ఆమె వీపు మీద చెయ్యి వేసి ఉంచింది. చేతికి ఎముకలు తగులుతున్నాయి. బంతి పట్టే ఎడమచేతికే సూది గుచ్చి పట్టీ వేశారు. డాక్టరు రెండు రోజుల కిందట వదినను వరండాలోకి పిలిచి కొన్ని మాటలు చెప్పాడు. ఆమె విన్నది. విని, మడిచి, ఎక్కడో అడుగున పెట్టేసింది.

జడ విప్పి దువ్వడం మొదలుపెట్టింది. ఆడపడుచు కిటికీలోకి చూస్తూ అడిగింది.

"ఎడమపక్క ఎందుకు ఖాళీగా వదిలేస్తున్నావు?"

"అది నీ చోటు."

"నేనిక్కడున్నాను కదా."

"వస్తావుగా."

దువ్వెన కాసేపు ఆగింది, మళ్ళీ కదిలింది.

"సరే, వస్తాను," అంది ఆడపడుచు. ఊపిరి తీసుకోవడానికి మాట మధ్యలో ఆగాల్సి వస్తోంది. "వచ్చి, జరుగు వదినా అంటాను. అప్పుడు జరుగుదువుగాని. జరగడంలో నిన్ను మించినవాళ్ళు ఎవరున్నారు? అందాకా నువ్వు నిలబడు."

వదిన జడ పాయలు విడదీసింది. ఆ చోట తను నిలబడితే అది నిండిపోతుంది. నిండిపోయిన చోటికి మనిషి ఎలా తిరిగొస్తుంది? ఆ మాట పైకి అనడం ఆమెకు చేతకాలేదు.

"కళ్ళు చూడకు," అంది ఆడపడుచు. "కళ్ళతో అందరూ అబద్ధమాడతారు. నడుము చూడు. నడుము తిరిగేదాకా కదలకు."

"భయంగా ఉంటుందే. నిలబడితే మీదికొస్తుంది."

"రావాలనేగా నిలబడేది!"

జడ వేయడం అయింది. వదిన పక్క దుప్పటి సర్ది బండి తోయబోతుంటే ఆడపడుచు వెనక నుంచి పిలిచింది.

"గెలిచినా ఓడినా నేరుగా ఇక్కడికే రా. కప్పూ గిప్పూ నాకొద్దు. అక్కడ నిలబడి ఒక్క బంతన్నా పట్టావో లేదో చెప్పు."

"సరే."

"సరే అని గోడవైపు జరిగిపోకు మళ్ళీ."

పోటీ మైదానం ఆసుపత్రికి రెండు వీధుల అవతల ఉంది. ఎదురు జట్టు బస్సు డిపోవాళ్ళు, ఒక పొడుగు కండక్టరు, ఒక మెకానిక్కు. కండక్టరు చెయ్యి పొడవు. అంతకంటే కన్ను చురుకు. రెండు మూడు బంతులు కాగానే ఆ ఖాళీ కనిపెట్టేశాడు. బస్సులో నిలబడ్డవాళ్ళ మధ్య సందు చూసుకుని దూరినట్టే ప్రతి బంతినీ ఎడమవైపుకు పంపించాడు. మొదటి ఆట అలాగే పోయింది.

బాయిలరాయన రొప్పుతూ దగ్గరకు వచ్చాడు. "చెల్లెమ్మా, ఆ పక్క నాదా, నీదా? ఏదో ఒకటి చెప్పు."

"తనది," అంది వదిన. అనాలని అన్నది కాదు, నోటి నుంచి వచ్చేసింది.

ఆయన ముఖం తుడుచుకున్నాడు. భుజం మీది తువ్వాలు రెండోవైపు కూడా తిప్పి తుడుచుకున్నాడు. తన చోటికి వెళ్ళిపోయాడు.

రెండో ఆట కూడా చివరికొచ్చేసింది. మెకానిక్కు అందించిన బంతి పైకి లేచింది. కండక్టరు దాని కిందికి పరుగెత్తాడు. ఆయన దారికి అడ్డు లేకుండా వదిన తప్పుకుంది. తప్పుకుని, వల చుట్టూ రెండడుగులు వేసి, ఎడమవైపుకు వచ్చింది. వలకు దగ్గరగా, ఆ ఖాళీ నేల మీద ఆగింది. మోకాళ్ళు వంచింది. ఇక్కడి నుంచి చూస్తే వల చాలా పెద్దదిగా ఉంది. కండక్టరు ఇంకా పెద్దగా ఉన్నాడు. రోజూ దీన్ని చూస్తూనా ఆ పిల్ల నవ్వేది అనుకుంది.

కండక్టరు కళ్ళు కుడివైపు చూశాయి. ఆమె పాదం అటు లాగింది. ఆయన నడుము తిరగలేదు. మడమ నేలకు నొక్కిపట్టింది. ఆయన చెయ్యి పైకి లేచింది. ఇంకా నడుము తిరగలేదు. అప్పుడు తిరిగింది.

దెబ్బ ఆమె అరచేతి మొదట్లో, మణికట్టు పక్కన పడింది. నొప్పి మోచేతిదాకా పాకింది. బంతి మాత్రం పైకి లేచింది. ఆడపడుచు లేపినంత మెత్తగా కాదు, వంకరగా. బాయిలరాయన "ఓరి దేవుడా" అంటూ దాని కిందికి వెళ్ళి మళ్ళీ లేపాడు. వదిన దాన్ని వల మీదికి ఊరికే ఒక తట్టు తట్టింది. అది వల మీంచి కొద్దిగా లేచి అవతల పడిపోయింది. ఎవరూ అందుకోలేదు.

"అమ్మగారూ, అక్కడికెప్పుడొచ్చారు?" అన్నాడు కండక్టరు, నిజంగానే తెలియక.

ఆ తర్వాత ఆట ఎక్కువసేపు సాగలేదు. డిపోవాళ్ళే గెలిచారు. చేతులు కలిపి, వాళ్ళిచ్చిన నీళ్ళు తాగి, బాయిలరాయన పిలుస్తున్నా ఆగకుండా వదిన బయలుదేరింది. ఎండ ఇంకా పూర్తిగా దిగలేదు. మణికట్టు దగ్గర బంతి పడిన చోట ఎర్రగా గుండ్రటి గుర్తు. అది చెరిగిపోకముందే చూపించాలి. నడుము తిరిగిన సంగతి ముందు చెప్పాలా, కండక్టరు అడిగిన సంగతి ముందు చెప్పాలా అని దారి పొడుగునా అనుకుంటూనే ఉంది. వార్డు వరండాలో ఫ్లాస్కు పట్టుకుని ఎదురొచ్చిన ఒకాయన ఆమెకు దారి ఇచ్చి పక్కకు జరిగాడు. ఆమె అది గమనించలేదు.

కిటికీ పక్క మంచం మీద ఎవరూ లేరు. ఉతికిన దుప్పటి పరిచి ఉంది. మడత గీతలు ఇంకా పోలేదు. కాళ్ళవైపు మూలన చిన్న ముడత. కొక్కేనికి తగిలించినప్పుడు పడే ముడత. పొద్దున తను మడిచిన దుప్పటి.

నర్సు వచ్చి పక్కన నిలబడింది. "మీకోసం మైదానానికి మనిషిని పంపానండీ. దారిలో మీరూ అతనూ తప్పిపోయినట్టున్నారు." మంచంవైపు చూసి, "టీ ఇచ్చే వేళకి కిటికీవైపు తిప్పమంది. తిప్పాను. కప్పు పెట్టి వచ్చేసరికి..." అంది.

వదిన తల ఊపింది. చెయ్యి చాపి ఆ ముడతను ఒకసారి సాపు చేసింది. అది పోలేదు.

"ఒక బంతి పట్టానండీ," అంది.

నర్సుకు అర్థం కాలేదు. "అలాగా వదినగారూ," అంది మెల్లగా, ఆమె మోచెయ్యి పట్టుకుని.

మంచానికీ కిటికీకీ మధ్య ఒక మనిషి పట్టేంత చోటుంది. వదిన అక్కడికి వెళ్ళి నిలబడింది. కింద పెరట్లో వల మధ్యాహ్నం బిగించినట్టే ఉంది, విప్పడం మరిచిపోయారు. ఎండ షెడ్డు మీద మాత్రమే మిగిలింది. రేకు మడతలో పసుపు బంతి అలాగే ఉంది. దాన్ని ఇంకా తీయాలి.