దుప్పటి వెనక ఓటు

మధ్యాహ్నం రెండు దాటితే ఆ లాండ్రీలో లోకమంతా తెల్లగా, మెత్తగా అయిపోయేది. ఊళ్ళో ఉన్న మూడు ఆసుపత్రుల దుప్పట్లూ అక్కడికే వచ్చేవి. ఉతికినవాటిని ఆరేసే పెద్ద హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకి తాళ్ళు కట్టి ఉండేవి. తడి దుప్పట్ల మధ్య నుంచి ఆవిరి నెమ్మదిగా లేచి, ఎత్తుగా ఉన్న గాజు కిటికీల దాకా వెళ్ళి, ఏం చెయ్యాలో తోచనట్టు మళ్ళీ కిందికి దిగేది. అక్కడ మాట్లాడితే గొంతు కూడా తడిసినట్టు వినిపించేది.

వారానికి రెండు రోజులు టీచరమ్మ ఆ హాల్లోనే పాఠం చెప్పేది. లాండ్రీలో పనిచేసే ఆడవాళ్ళు పంతొమ్మిది మంది ఆ ఏడు ప్రైవేటుగా పదో తరగతి పరీక్షకి కూర్చుంటున్నారు. లెక్కలకీ సైన్సుకీ వేరేవాళ్ళు వచ్చేవారు. సాంఘికం ఆమెది. ఆమెకి యాభైకి రెండేళ్ళు తక్కువ. పెళ్ళి చేసుకోలేదు, అన్నావదినల దగ్గరే ఉంటుంది. బడిలో ఇరవై ఏళ్ళుగా అదే పాఠం చెప్పీ చెప్పీ, నిద్రలో లేపి అడిగినా ఒక్క ముక్క తప్పకుండా అప్పజెప్పగలదు.

"ప్రభుత్వాలు రకరకాలుగా ఉంటాయి. రాచరికం అంటే..." అని మొదలుపెట్టిన రోజున, రాజు సింహాసనం ఎక్కేలోపే సగం మంది కళ్ళు మూతలు పడ్డాయి. తెల్లవారుజామున నాలుగింటికి లేచి పనికి వచ్చినవాళ్ళు. వాళ్ళని అని ఏం లాభం? ఆమెకే ఆవలింత ఆగలేదు. సైనిక పాలన దగ్గరికి వచ్చేసరికి మాత్రం కొందరు కళ్ళు తెరిచారు.

"ఆ రకం మాకు చెప్పక్కర్లేదు టీచరమ్మా. సూపర్‌వైజరు సెలవు పెట్టిన రోజు తప్ప రోజూ చూస్తున్నదే" అంది ఇస్త్రీ సెక్షన్‌లో పనిచేసే పిల్ల. ప్రతిదానికీ ఎందుకు ఎందుకు అని అడుగుతుందని అందరూ దాన్ని 'ఎందుకమ్మ' అనేవారు. అదే పిలుపై, అసలు పేరు ఆ పిల్ల కూడా మరిచిపోయినట్టే ఉండేది.

ఆ నవ్వుల్లో టీచరమ్మకి ఒక ఆలోచన తట్టింది. పుస్తకం మూసేసింది. "సరే. ఇక నుంచి ఒక్కో క్లాసు ఒక్కో రకం ప్రభుత్వం కింద నడుపుదాం" అంది.

మొదటిరోజు రాచరికం. పెద్దక్కని రాణిని చేశారు. ఆవిడ అరవైకి దగ్గరపడిన మనిషి, దుప్పట్లు మడతపెట్టడంలో ఆవిడ చెయ్యి చూసి నేర్చుకోవాల్సిందే. బోర్లించిన బట్టల బుట్ట మీద కూర్చోబెట్టి, ఏదైనా ఆజ్ఞ ఇమ్మన్నారు. ఆవిడ అందరి మొహాలూ ఒకసారి కలయజూసింది.

"అందరూ పావుగంట పడుకోండి. ఇది నా ఆజ్ఞ" అంది.

పడుకున్నారు. ఎండిన దుప్పట్ల మూటల మీద తలలు పెట్టుకుని పంతొమ్మిది మందీ, వాళ్ళ పక్కనే టీచరమ్మా. రెప్పల సందులోంచి చూస్తే తాళ్ళ మీది దుప్పట్లు తెరచాపల్లా ఉబ్బుతూ తగ్గుతూ కనిపించాయి. హాలంతా నీళ్ళ మీద ఎటో తేలిపోతున్నట్టుంది. అంత హాయిగా ఆమె ఎన్నేళ్ళ క్రితం పడుకుందో ఆమెకే గుర్తులేదు.

లేచాక ఎందుకమ్మ అడిగింది: "రాణి ఇంత మంచిదైతే ఇక ఓట్లు ఎందుకు టీచరమ్మా?"

ఈ ప్రశ్నకి పుస్తకంలో జవాబు ఉంది. ఆమె నోరు తెరిచేలోపు పెద్దక్కే అందుకుంది. "నాకు నిద్ర వస్తోంది కాబట్టి మిమ్మల్ని పడుకోమన్నానే. మీకు వస్తోందా అని అడిగానా?"

ఆ సాయంత్రం ఇంటికి నడిచి వెళుతుంటే టీచరమ్మకి ఆ మాట పదేపదే వినబడింది. ఇంట్లో అన్నయ్య కూడా మంచి రాజే. భూముల సర్వే శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. గట్టిగా ఒక మాట అనడు. పొద్దున్నే పేపరు పైకి చదివి వినిపిస్తాడు, ఏది నిజమో ఏది కాదో చెప్తాడు. చలికాలం వస్తే చెల్లెలికి శాలువా కొంటాడు, రంగు తనే ఎంచుతాడు. ఆ ఇంట్లో ఆమెకి ఏ లోటూ లేదు. ఎవరైనా అడిగితే ఆ మాటే చెప్పేది.

రెండోసారి కొద్దిమంది పాలన. సీనియర్లు ముగ్గురు ఏలారు, ఉన్న ఒక్క ఫ్యానూ తమ వైపు తిప్పుకున్నారు. మూడోసారి టీచరమ్మ ఇలా చెప్పింది: "ఇవాళ ఓట్లు. కానీ పాతకాలపు ఓట్లు. చాలా దేశాల్లో చాలాకాలం మగవాళ్ళకే ఓటు ఉండేది. ఆస్తి భర్తది, జీతం భర్త చేతికి, బిడ్డల మీద హక్కూ భర్తదే. ఆడవాళ్ళు ఊరేగింపులు తీశారు, జైళ్ళకి వెళ్ళారు, తిండి మానేసి కూర్చున్నారు. అప్పటికి గాని రాలేదు. అందుకని ఇవాళ ఈ హాల్లో మగవాళ్ళే ఓటు వేస్తారు."

హాల్లో ఉన్న మగవాడు ఒక్కడే, బాయిలర్ తాత. నీటి ఆవిరి యంత్రం ముందు నలభై ఏళ్ళు నిలబడి, ఎండిన కొమ్మలా అయిపోయిన మనిషి. పిలవగానే చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. కిటికీలు తెరవాలా, మూయాలా? ప్రశ్న ఇదీ. ఆ కిటికీలు కిందికి వేలాడే గొలుసు లాగితే తెరుచుకునేవే. దుమ్ము పడుతుందని సూపర్‌వైజరు ఎప్పుడూ మూసే ఉంచేవాడు. పాఠం జరిగే గంటసేపు మాత్రం మీ ఇష్టం అన్నాడు.

తాత కాసేపు బుర్ర గోక్కున్నాడు. "మూసెయ్యండమ్మా. గాలి తగిలితే నాకు దగ్గొస్తుంది" అన్నాడు.

మూశారు. నియమం నియమమే అని గంటసేపు అలాగే కూర్చున్నారు. జాకెట్లు వీపులకి అతుక్కుపోయాయి. ఒకావిడకి కళ్ళు తిరిగినంత పనైంది. తాత ద్వారం దగ్గరే నిలబడి, ఒక్కొక్కరి మొహం చూస్తూ చిన్నబోయాడు. చివరికి ఉండబట్టలేక దగ్గరికి వచ్చాడు.

"ఇంత ఉక్కపోతని నాకెవరూ చెప్పలేదేంటమ్మా?"

"మాకు చెప్పే హక్కు లేదు కదా తాతా ఇవాళ" అంది ఎందుకమ్మ.

ఆయన తల దించుకుని బాయిలర్ దగ్గరికి వెళ్ళిపోయాడు. చెడ్డవాడేం కాదు పాపం. అందుకే అందరికీ ఆ గంట బాగా మనసులో నాటుకుంది. ఆరోజు టీచరమ్మ సమానవేతనం గురించీ, ఆడపిల్లకి ఆస్తిలో వాటా గురించీ చెబుతుంటే ఒక్కరంటే ఒక్కరు కూడా కునుకు తీయలేదు.

నాలుగోసారి అందరికీ ఓటు, తాతకి కూడా. డాక్టర్ల కోట్ల నుంచి ఊడిన తెల్ల గుండీలూ, నర్సుల బట్టల నుంచి ఊడిన నీలం గుండీలూ ఒక డబ్బా నిండా ఉండేవి. మనిషికి ఒక తెల్లదీ ఒక నీలందీ ఇచ్చారు. తెలుపైతే కిటికీ తెరవాలి, నీలమైతే మూయాలి. మూలనున్న తాడు మీద పెద్ద దుప్పటి నేలదాకా వేలాడదీసి, దాని వెనక మూతకి కన్నం పెట్టిన రేకు డబ్బా ఉంచారు. ఒక్కొక్కరే లోపలికి వెళ్ళి, ఒక గుండీ డబ్బాలో వేసి, రెండోది గుప్పిట్లో దాచుకుని రావాలి.

ఒకరి తరవాత ఒకరు ఆ తెలుపు వెనక మాయమై మళ్ళీ బయటికి వచ్చారు. గుండీ రేకుకి తగిలిన చిన్న చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. పెద్దక్క వంతు వచ్చింది. లోపలికి వెళ్ళిన మనిషి ఎంతకీ రాలేదు. దుప్పటి మీద ఆవిడ నీడ కదలకుండా నిలబడి ఉంది.

"పెద్దక్కా, నిద్రపోయావా ఏంటి?" అని ఎవరో నవ్వారు.

"ఉండండే" అంది లోపల్నుంచి. ఇంకాసేపటికి గుండీ చప్పుడైంది. బయటికి వచ్చి, మూట మీద చతికిలబడింది.

"కిటికీ గురించి అంతసేపు ఆలోచించడం ఎందుకు?" అంది ఎందుకమ్మ.

"కిటికీ గురించి కాదే. ఎవరూ చూడకుండా నా ఇష్టమేంటని నన్ను నేను అడగడం ఇదే మొదలు. కొత్తగా ఉంటే కాసేపు నిలబడ్డాను." ఆవిడ చేతిలో మిగిలిన గుండీని చీర కొంగులో ముడి వేసుకుంది. "ఊళ్ళో ఓట్లు ఎన్నోసార్లు వేశాను. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆయన చెప్పినదానికి, ఇప్పుడు మా అబ్బాయి చెప్పినదానికి. మీరు చదువుకున్నవాళ్ళు కాబట్టి మీ ఇష్టప్రకారమే వేస్తారనుకోండి, టీచరమ్మా."

అది ప్రశ్న కాదు. ఊరుకుంటే సరిపోయేది. కానీ పంతొమ్మిది మందీ తనవైపే చూస్తున్నారు. ఆ మసక తెలుపులో అబద్ధం ఆడబుద్ధి కాలేదు.

"లేదు పెద్దక్కా" అంది. "మా అన్నయ్య చెప్పినదానికే వేస్తాను."

ఎవరూ నవ్వలేదు, ఎవరూ జాలిపడలేదు. పెద్దక్క కాస్త జరిగి, మూట మీద ఆమెకి చోటిచ్చింది. గుండీలు లెక్కపెట్టారు. పదహారు తెల్లవి, నాలుగు నీలంవి. గొలుసు లాగితే కిటికీలు కిర్రుమంటూ తెరుచుకున్నాయి. చాలాకాలంగా దారి వెతుక్కుంటున్న ఆవిరి బయటికి పోయింది. తాతకి గాలి తగలకుండా ఆయన స్టూలు గోడవారకి జరిపారు. అది ఓటు వేసి తేల్చిన సంగతి కాదు, ఎవరికి వాళ్ళకి తోచిందే.

వచ్చే ఆదివారమే ఊళ్ళో ఎన్నికలు. శుక్రవారం పొద్దున అన్నయ్య పేపరు మడిచి, ఎప్పటిలాగే అన్నాడు: "ఈసారి మనం పైనుంచి రెండో గుర్తుకి వేస్తున్నాం."

వదిన వంటింట్లో కూర తరుగుతోంది. టీచరమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టింది. క్లాసులో వందలమందికి చెప్పిన మాట ఇంట్లో ఒక్కరికి చెప్పడానికి ఇన్నేళ్ళు పట్టింది.

"అన్నయ్యా, ఈసారి నా ఓటు నేను చూసుకుంటాను."

ఆయన కళ్ళజోడు తీశాడు. "ఎవరైనా ఏమైనా చెప్పారా?"

"ఎవరూ చెప్పలేదు."

"నేను నీకు ఎప్పుడైనా చెడు చెప్పానా అమ్మా?"

"చెప్పలేదు. అందుకే ఇన్నేళ్ళూ నన్ను నేను అడగాల్సిన పని పడలేదు."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. ఆ రోజూ మర్నాడూ పేపరు తనలో తనే చదువుకున్నాడు. ఆ నిశ్శబ్దం ఆమెకి కష్టంగానే ఉంది. అయినా ఆయన చదివి పక్కన పెట్టిన పేజీలు తీసుకెళ్ళి తన గదిలో చదువుకుంది. పోటీలో ఉన్నవాళ్ళు బడుల గురించి ఏమన్నారో, ఆసుపత్రుల గురించి ఏమన్నారో పెన్సిలుతో గీత గీసుకుంది. పరీక్షకి చదివే పిల్లలా రెండు రోజులూ ఏదో కంగారు, ఏదో సంతోషం.

ఆదివారం ముగ్గురూ కలిసే వెళ్ళారు. లోపల అట్టముక్కలతో కట్టిన చిన్న గది, బల్ల, కాగితం, ముద్ర. ఎప్పుడూ గబగబా ముద్ర వేసి వచ్చేది. ఈసారి గుర్తులన్నీ పైనుంచి కిందిదాకా చదివింది. తల వంచుకుని నిలబడితే బయటి గోల దూరమైంది, నీళ్ళ అడుగున ఉన్నట్టు చెవుల్లో తన ఊపిరే వినిపించింది. ఎంతసేపు నిలబడిందో తెలియదు. ముద్ర వేసి, కాగితం నాలుగు మడతలు పెట్టింది. ఆ మడతల మధ్య ఏముందో ఆమె ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, ఈ కథ చెప్పేవాళ్ళకి కూడా.

బయట అన్నయ్య చెట్టుకింద నిలబడి ఉన్నాడు. "ఎవరికి వేశావు?" అన్నాడు.

"చెప్పను అన్నయ్యా" అంది మెల్లగా.

ఆయన తల పంకించాడు. కోపమో కాదో తెలియలేదు. కొంచెం దూరం నడిచాక వదినవైపు తిరిగి, "నేను చెప్పినదానికే వేశావా?" అన్నాడు. వదిన చెప్పు సర్దుకునే నెపంతో వంగింది. వంగినావిడ లేవడానికి చాలాసేపు పట్టింది. ఆయనకి అర్థమైనట్టే ఉంది, మళ్ళీ అడగలేదు.

వీధి చివర దారి రెండుగా చీలుతుంది. కుడివైపు మార్కెట్ మీదుగా దగ్గరి దారి. ఎడమవైపు కాలువ పక్కనుంచి చుట్టుదారి. ఆయన కుడివైపు రెండడుగులు వేసి ఆగాడు. మబ్బు పట్టిన మధ్యాహ్నం, రోడ్డు మీద నీడలు కూడా లేవు. ఇద్దరివైపూ తిరిగి, గొంతు సవరించుకున్నాడు.

"ఎటు వెళ్దాం?"

టీచరమ్మ వదినవైపు చూసింది. వదిన కుడివైపు చూసింది, ఎడమవైపు చూసింది. పెళ్ళైన ముప్పై ఆరేళ్ళలో ఆ ప్రశ్న తనని అడగడం ఇదే మొదటిసారి కావచ్చు. అన్నాచెల్లెళ్ళిద్దరూ తొందరపెట్టలేదు. రోడ్డు పక్కన నిలబడి, ఆమె ఆలోచించుకునేదాకా ఆగారు.