ఆకురాయి గీతలు

ఒకే కంపెనీ, ఒకే రకం కారు, మోడలు కాస్త పాతది అంతేగా వదినా, అంటున్నాడు మా మరిది, మెకానిక్కు షెడ్డు గుమ్మంలో జేబుల్లో చేతులు పెట్టుకుని, శుభలేఖ ఇవ్వడానికి వచ్చినవాడిలా నవ్వుతూ, నేనేమో విప్పేసిన ముందు చక్రం పక్కన గొంతుక్కూర్చున్నాను, నిన్న పాప గడ్డానికి కుట్లు వేస్తున్నప్పుడు అది నా బొటనవేలు పట్టుకుని నువ్వు ఏడవకమ్మా అంది, దానికి గంట ముందు స్కూలు దగ్గరి దిగుడులో బ్రేకు తొక్కితే బురదలో కాలు పెట్టినట్టు మెత్తగా కిందికి దిగిపోయింది, మళ్ళీ తొక్కాను, మళ్ళీ, ఎదురుగా రోడ్డు దాటుతున్న పిల్లలు, స్టీరింగు తిప్పేసి గోడకి గుద్దాను, గోడకే, దేవుడి దయ అన్నారంతా, దేవుడేమైనా నా బండికి బ్రేకులు బిగించాడా, బిగించింది ఈ మహానుభావుడు, నీ బండి బ్రేకులు కీచుమంటున్నాయిగా, కొత్తవి దండగ, నా పాత బండి మూలపడి ఉంది, దానివి వేసేస్తా అని పోయిన నెల మా ఇంటి ముందే చాప పరుచుకు కూర్చుని.

మెకానిక్కు, చక్రంతో తిరిగే డిస్కుని పట్టి ఆపే ఆ ఇనుప భాగం విప్పి గుడ్డతో తుడిచి నా చేతిలో పెట్టాడు, ఇది చిన్న డిస్కుకి చేసిందమ్మా, మీ బండిది పెద్దది, పట్టు సగమే అందింది, ఒకవైపే అరిగి అరిగి బ్రేకు ఆయిలు కారిపోయింది అన్నాడు, సరే, తెలియక చేశాడు, పొద్దున అత్తయ్య అన్నదీ అదే, వాడు మాత్రం కావాలని చేస్తాడా, ఇంటి గుట్టు నలుగురిలో పెట్టకు అని, మా ఆయన పేపరు మడతపెడుతూ పోనీలే, పాపకి తగ్గిపోతుందిగా అన్నాడు, పోనీలే, ఈ ఇంట్లో ఏది విరిగినా అతుకు ఈ మాటే, కానీ ఈ అంచు ఏమిటి, ఈ మెరుపు, పక్కపక్కనే సన్నటి గీతలు, ఒకే వాలులో, నేను కట్టుడు పళ్ళ సెట్లు తయారుచేసే మనిషిని, పొద్దస్తమానం లోహం మీద ఆకురాయి ఆడించే చెయ్యి నాది, అరుగుదలకీ అరగదీతకీ తేడా నాకు ఒకరు చెప్పాలా, ఇది పట్టలేదు, పట్టకపోతే పట్టేదాకా రుద్దాడు.

రుద్దావా అన్నాను, గొంతు నాది కాదనిపించేంత మెల్లగా, మరిది నవ్వు ఆగింది, డిస్కుకి కాస్త తగులుతుంటే కొంచెం, కొంచెమే వదినా, అన్నయ్య కూడా చూశాడు, బండి జాకీ మీద ఉన్నప్పుడు పక్కనే ఉన్నాడు, ఇది సరిగా కూర్చోవట్లేదురా అన్నాడు, మళ్ళీ తనే, బిగించేయ్‌లే, ఇంత కష్టపడ్డాక విప్పితే బాగోదు అన్నాడు, కావాలంటే అడుగు.

అడగడం దేనికి, చేతిలో ఇనుము బరువెక్కుతోంది, దాన్ని విసిరేయాల్సింది ఈ ముఖం మీదికి కాదని అర్థమై చెయ్యి దానంతటదే కిందికి దిగింది, పోయిన నెల ఇది బిగించిన మర్నాడు పొద్దున గేటు దాకా వచ్చాడు మా ఆయన, ఎన్నడూ రానివాడు, కిటికీలోంచి లోపలికి వంగి పాప బెల్టు సరిచేసి, దిగుడు దగ్గర మెల్లగా వెళ్ళు అన్నాడు, ఆ మర్నాడూ అన్నాడు, నెలంతా రోజూ అదే మాట, నేను దారంతా నాలో నేను నవ్వుకునేదాన్ని, ఇన్నేళ్ళకి ఈ మనిషికి మా మీద ఇంత ప్రేమ పుట్టుకొచ్చిందేమిటా అని, ప్రేమ కాదు, తమ్ముడి మనసు నొప్పించలేక, తెలిసి, రోజూ తెలిసే, మమ్మల్ని ఆ దిగుడులోకి పంపాడు.