మంచులో తొక్కిన మిర్చి

చండ్రుగొండ అవతల అడవి అంచున ఉన్న ఆ గూడెం నుంచి మిర్చి నేరుగా ఓడరేవుకు వెళ్లడం ఇదే మొదటిసారి. ఇన్నేళ్లూ దళారి చెప్పిన ధరకే తలూపారు పాపం! ఈసారి ఎగుమతి కంపెనీ కంటైనర్ కల్లం దాకా వచ్చింది. పదిహేను ఇళ్ల పంట. మర్నాటి సాయంత్రం ఆరింటికల్లా విశాఖ రేవు గేటు దాటాలి. దాటకపోతే ఓడ వెళ్లిపోతుంది, కంపెనీ మళ్లీ ఇటు తొంగిచూడదు.

బండి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. మార్చి ఎండ మాడ్చేస్తోంది.

"జల్దీ బస్తాలు తొక్కండి" అన్నాడు కంపెనీ మనిషి అనిల్‌కుమార్.

"ఇప్పుడు తొక్కం సారూ" అంది ఆదెమ్మ. గూడెంలో బస్తాల్లోకి దిగి మిర్చి తొక్కే ఆడవాళ్లకు ఆమే పెద్ద.

"ఏంది? ఎందుకు తొక్కరు?"

ఆదెమ్మ గుప్పెడు కాయలు నలిపి చూపింది. కరకరా విరిగిపోయాయి. "ఎండల తొక్కితే గిట్లయితయ్. తెల్లారుజామున మంచుకు మెత్తబడ్తయ్, అప్పుడు ఇరగవు."

"మరి నీళ్లు చల్లండి."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. "నీళ్లు చల్లితే ఓడల బూజు పడ్తది. మా పేరు మీద బూజు పంపుతమా?"

అనిల్‌కుమార్ డ్రైవర్ లాలు వైపు చూశాడు. "ఏడింటికి బండి కదిలితే గేటు అందుకుంటం సార్" అన్నాడు లాలు.

"తప్పితే పూచీ ఎవరిది?"

"నాదే" అంది ఆదెమ్మ. అనేసింది గానీ, మంచు పడకపోతే? ఇంత పంతానికి పోయి అందరి నోట్లో మట్టి కొట్టినదాన్నవుతానేమో!

పొద్దుగూకాక కాయలు పలచగా పరిచారు. నాలుగింటికి లేచి ఆదెమ్మ చేయి పెట్టి చూసింది. కాయలు చల్లగా, మెత్తగా తగిలాయి. "లేవండే!" అని కేకేసింది.

ఇక చూడాలి ఆ ఆడవాళ్ల పని! బస్తాలు బిగిసి రాళ్లల్లే అయ్యాయి. రెండో బండి కావాలేమో అని అనిల్‌కుమార్ బెంగపడ్డ పంటంతా ఒక్క కంటైనర్లోనే పట్టింది. ఏడు కాకముందే అనిల్‌కుమార్‌ను ఎక్కించుకుని బండి కదిలింది.

ఆ పగలంతా ఆదెమ్మ ఫోను పక్కనే కూచుంది. అయిదున్నరకు ఫోను మోగింది.

"అక్కా, గేటు దాటినం! బస్తాలు విప్పి చూసిన్రు, కాయ ఇరగలేదు" అన్నాడు అనిల్‌కుమార్. నిన్నటిదాకా ఆ నోట అక్క అన్న మాట లేదు. "వచ్చే కోతకు బండి ఎన్ని గంటలకు పంపమంటవ్?"

కారానికి భగభగమంటున్న పాదాలను నీళ్ల బకెట్‌లో పెట్టుకుని, పక్కనున్న ఆడవాళ్లందరికీ వినబడేలా చెప్పింది ఆదెమ్మ.

"పొద్దుగూకినంక పంపు సారూ. తెల్లారి మేం తొక్కుతం."