నానని తోలు

చెల్లప్ప ముంతలో నీళ్లు పోసి, సన్నగా కోసిన తోలుతాడు అందులో వేశాడు. అది నానడానికి మధ్యాహ్నం దాకా పడుతుంది. అంతదాకా కూర్చోవలసినవాడు కూర్చోలేదు. ముంత చుట్టూ తిరిగాడు, తోలుకు తూట్లు పొడిచే ఆరె నూరాడు, నూరిన ఆరెనే మళ్లీ నూరాడు.

రాజపాళయం మిల్లులో యంత్రాలు తిప్పే తోలు బెల్టులు తెగితే కుట్టేది అతనే. వంగిన నడుము, బిగిసిన వేళ్లు, చీలమండల మీద కాయలు. మిల్లు రాకముందు మోటబావుల బొక్కెనలు కుట్టిన ఒళ్లు అది, నేలమీద కూర్చుంటేనే పని సాగుతుంది.

ఇప్పుడు యుద్ధకాలం, మిల్లుకు తీరిక లేదు. కొత్త మేస్త్రీ వేంకటాద్రి మదురైనుంచి ఒక ఇంగ్లీషు మాట తెచ్చుకున్నాడు. కూర్చున్నవాడు కనబడితే చాలు, "లుక్ అలైవ్!" అని అరుస్తాడు. మూడుసార్లు ఆ మాట పడితే ఇంటిదారే. చెల్లప్పకు రెండుసార్లు పడింది.

అర్థమేమిటని గుమాస్తా జగన్నాథను అడిగాడు.

"ఉసురుండే మనిషి మాదిరి చురుగ్గా కదులు అని. దొరలు పని తొందర పెట్టేదానికి అంటారు. తిట్టు కాదులే."

"అయితే నేను పీనుగు మాదిరి కూర్చోనుండానా సామీ?"

జగన్నాథ నవ్వాడు. చెల్లప్పకు మాత్రం సిగ్గేసింది, తిట్టయినా బాగుండేది.

నిదానమే ప్రధానమంటుంది తోలు. ఆలస్యం అమృతం విషమంటాడు మేస్త్రీ. జీతం తోలు ఇవ్వదు కదా!

పదిగంటలకు బెల్టు తెగింది, యంత్రాలు ఆగాయి. వేంకటాద్రి చెప్పుల చప్పుడు దగ్గరవుతోంది. చెల్లప్ప ముంతలో వేలు పెట్టాడు. తాడు ఇంకా పుల్లలాగే ఉంది. అయినా సగం కోసి తీసి, నిలబడే కుట్టేశాడు. అరగంటలో చక్రం తిరిగింది.

"ఇట్ల ఉండాల మనిషి!" అన్నాడు మేస్త్రీ.

చెల్లప్ప పొంగిపోయాడు. ఆ వెంటనే భయం పట్టుకుంది. కూడు కూడా తినకుండా ఆ కుట్టునే చూస్తూ అటూ ఇటూ తిరిగాడు.

సాయంత్రం అది పుటుక్కుమంది. బెల్టు ఎగిరి, కింద దూది ఊడుస్తున్న రాక్కమ్మాళ్ భుజాన్ని చీరేసింది.

"పాత బెల్టు, అంతే. దీన్ని తీసేసి వేరేది మాట్టండి," అన్నాడు వేంకటాద్రి. ఎవరికీ అనుమానం రాలేదు. ఊరుకుంటే ఉద్యోగం ఉండేది.

"బెల్టు కాదు సామీ. తోలు నానకముందే కుట్టినాను. తెలిసే కుట్టినాను."

చెల్లప్ప తన తువ్వాలు ఆమె భుజానికి కట్టి, ఆసుపత్రికి నడిపించాడు. దారంతా ఏడ్చాడు.

"ఏడవొద్దన్నా, ఎముక బాగానే ఉండాది," అంది రాక్కమ్మాళ్.

ఎవరూ పొమ్మనలేదు గాని, అతను మళ్లీ మిల్లుకు రాలేదు. తెల్లవారి జగన్నాథ చూస్తే, ముంతలో మిగిలిన తోలుతాడు వేలికి చుట్టుకునేంత మెత్తగా నాని ఉంది.