టీచరుగారి ప్రార్థనకు గంట గడువు

నాకు కోపం ఎక్కువ. కానీ మా అంబాజీపేటలో దాన్ని ఎవరి మీదా చూపించే వీల్లేదు. అవతలివాళ్లు "ఆయ్, రండి, కూర్చోండి" అని కుర్చీ వేశాక ఇంకేం కోప్పడతాం? అందుకని నా కోపమంతా కంప్యూటరు మీదే.

నా పేరు శివనాగరాజు. పెళ్లి వీడియోలు తీసి, కోసి, అతికించడం నా పని. కిందటేడు వానలకి స్టూడియోలోకి నీళ్లొచ్చి ఒక డిస్కు పాడైపోయింది. నాకు మూడో తరగతిలో పాఠాలు చెప్పిన ఎలీసమ్మ టీచరుగారిది ఎదురిల్లు. "మా మేడ మీద గది ఖాళీయే కదా నాగరాజూ, అక్కడ పెట్టుకో" అన్నారు. అలా నా వీడియోలు దాచే డిస్కుల పెట్టె ఆ మేడెక్కింది. దాని వైరు వాళ్ల హాల్లోని వైఫై డబ్బాలోకి వచ్చి, అక్కణ్నుంచి రోడ్డు దాటి నా కంప్యూటరుకి చేరుతుంది.

ఆదివారం టీచరుగారి భర్త ఇస్సాకుగారి జ్ఞాపకార్థ కూడిక. పాత క్యాసెట్లూ, ఫోన్లలో తీసినవీ కలిపి ఒక వీడియో చెయ్యమన్నారు. "ఆయన గొంతు విని ఏడాదైంది నాగరాజూ" అన్నారు. ఆ మాట విన్నాక చెయ్యకపోతే నేను మనిషినే కాదు. అయితే ఆ పాత బొమ్మల్ని శుభ్రం చేసి కలపడానికి నా కంప్యూటరుకి ముప్ఫై గంటలు పడుతుంది.

సోమవారం మొదలుపెట్టాను. సాయంత్రం ఏడు దాటగానే 'డిస్కు దొరకలేదు' అని చతికిలబడింది. మంగళవారమూ అంతే. ఒళ్లు మండి ఎదురింటికి వెళ్తే, ఇంటిల్లిపాదీ ప్రార్థనలో ఉన్నారు. వైఫై డబ్బా ఆపేసి ఉంది. ప్రార్థనప్పుడు మనవలు ఫోన్లు చూడకూడదని ఇస్సాకుగారు పెట్టిన నియమం అది. ఆయన పోయాక ఆ స్విచ్చి టీచరుగారే ఆపుతున్నారు. ఆయన వీడియో కోసం ఆయన నియమమే మానెయ్యమని ఎలా చెప్పను? చెబుదామనే వెళ్లాను. జంతికలు పెట్టారు. తినేసి "ఆయ్, వస్తానండి" అని వచ్చేశాను.

విడిగా ఇంకో వైరు లాగమంటే కేబుల్ పనులు చేసే దానం "సోమవారం వచ్చేస్తానండి" అన్నాడు. ఏ సోమవారమని అడిగితే నొచ్చుకున్నాడు.

ఇక మిగిలింది గడువు మార్చడం. డిస్కుతో సంబంధం తెగితే కంప్యూటరు రెండు నిమిషాలు ఎదురుచూసి పని వదిలేస్తుంది, మళ్లీ మొదట్నుంచీ చెయ్యాలి. ఆ రెండు నిమిషాల్ని కసిగా ఒక రోజు చేశాను. బుధవారం ప్రార్థన గండం గట్టెక్కింది. గురువారం పొద్దున్నే కొబ్బరి మట్ట పడి రోడ్డు మీద వైరు ఊడిపోయింది. నేను చూసుకోలేదు. కంప్యూటరూ ఏమీ అనలేదు. అరవై ఒక్క శాతం దగ్గర మౌనంగా నిలబడింది. దానికి అంత ఓపిక ఇచ్చింది నేనే కదా! కష్టపడి పనిచేస్తోందనుకుని ఎవర్నీ దగ్గనివ్వకుండా కాపలా కాశాను. సరిగ్గా ఒక రోజు గడిచాక 'డిస్కు దొరకలేదు' అంది.

శుక్రవారం ఊడిన వైరు మళ్లీ కట్టి టీచరుగారి దగ్గరికి వెళ్లాను. "ప్రార్థన మహా అయితే ఎంతసేపవుద్దండి?"

"పావుగంట బాబూ. మనసులో భారం ఉంటే అరగంట. నీ వీడియో ఎందాకా వచ్చింది?"

"ఏదో అడ్డం తగులుతోందండి" అన్నాను. ఆ అడ్డం ఎవరో చెప్పలేదు.

అరగంటకి ఇంకో అరగంట కలిపి, గడువు గంట పెట్టి పని మొదలుపెట్టాను. మొదలయ్యాక ఆ అంకె మార్చడానికి లేదు. ఆ సాయంత్రం ప్రార్థన పావుగంటలో ముగిసింది. కంప్యూటరు ఆగిన చోటి నుంచే మళ్లీ నడిచింది. స్టూడియోలో గంతులేశాను.

శనివారం ఏడింటికి మళ్లీ డబ్బా ఆగింది. ఇంకో మూడు గంటల పనే మిగిలింది. అరగంట అయింది. ముప్పావుగంట దాటింది. గంట దాటి పని వదిలేస్తే రేపటి కూడికకి వీడియో లేదు. చెప్పులైనా వేసుకోకుండా రోడ్డు దాటాను.

టీచరుగారు కళ్లు మూసుకుని ఉన్నారు. "తండ్రీ, మా నాగరాజు కంప్యూటరుకి తగిలిన అడ్డం తొలగించు. వారం బట్టీ వాడికి నిద్ర లేదు. వాడి వైర్లని కాపాడు. వాడి డిస్కుని కాపాడు. గోడ మీద తిరిగే ఉడతల్నుంచి కాపాడు..."

మనవరాలు బ్లెస్సీ ఒక కన్ను తెరిచి, "అరగంట నించీ మీ గురించేనండి" అని గుసగుసలాడింది.

నా కోపం ఎటుపోయిందో తెలియదు. నాకోసం ఇంతసేపు ఏ దేవుణ్నీ ఎవరూ అడగలేదు. కళ్లు తుడుచుకుని గడియారం చూశాను. యాభై ఏడు నిమిషాలు.

"అలాగే ప్రభువా, ఉప్పలగుప్తంలో వాడి మేనమామగారు, ఆయన రొయ్యల చెరువులు..."

చెరువుల్లోకి దిగితే ఇక తేలం. ఉన్న గొంతంతా పెట్టి "ఆమేన్!" అన్నాను.

ఇల్లంతా అలవాటుగా "ఆమేన్" అనేసింది. బ్లెస్సీ ఒక్క దూకు దూకి స్విచ్చి వేసింది. డబ్బా మీద దీపాలు వెలిగేసరికి యాభై తొమ్మిది.

ఆదివారం వీడియో పెన్‌డ్రైవులో తెచ్చి పెట్టాను. ఎందుకైనా మంచిదని. చివర్లో ఇస్సాకుగారు కుర్చీలో కూర్చుని, "ప్రార్థన వేళయింది, ఆ డబ్బా ఆపండర్రా" అన్నారు. ఆ గొంతు వినగానే టీచరుగారు చటుక్కున లేచి, వెళ్లి డబ్బా ఆపేసి వచ్చారు. ఎవరూ నవ్వలేదు. ఆవిడే ముందు నవ్వారు, కొంగుతో కళ్లొత్తుకుంటూ.

తర్వాత నా పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకున్నారు. "చూసేవా నాగరాజూ, ప్రార్థన చేస్తే అడ్డం ఎలా తొలిగిపోయిందో?"

"ఆయ్" అన్నాను.